డబ్బు పోయిందని తెలిస్తే ముందు ఆటో ఎక్కొద్దు

పర్లాకిమిడిలో ఎవరి అకౌంట్లోంచైనా డబ్బు పోయిందని తెలిసిందంటే, మొదట చేసే పని పాస్‌బుక్ సంచిలో పెట్టుకుని బ్యాంకుకి పరుగెత్తడం. అకౌంటు పాతపట్నంలో ఉంటే ఆటో, టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఉంటే పొద్దున్న బస్సు. మాది ఒడిశా, గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. పెళ్ళిళ్ళు, పొలాలు, పింఛన్లు, జీడిపిక్కల వ్యాపారం అన్నీ రెండు వైపులా అల్లుకుని ఉన్నాయి కాబట్టి అకౌంట్లూ అలాగే ఉన్నాయి. ఒకే మనిషికి సిమ్ ఒడిశాది, పాస్‌బుక్ ఆంధ్రాది, ఆధార్ మీద అడ్రసు కన్నవారిదో అత్తవారిదో ఉంటుంది. రోజులు బాగున్నప్పుడు దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు. డబ్బు పోయినప్పుడు మాత్రం అటూ ఇటూ తిరగడంలోనే చేతిలో ఉన్న కాస్త సమయమూ అయిపోతోంది.

నేను ఇక్కడ ఒక బ్యాంకుకి కస్టమర్ సర్వీస్ పాయింట్ నడుపుతాను. జనం వేలిముద్ర కౌంటరు అంటారు. పింఛను తీసుకోడానికి, కొడుకు సూరత్ నుంచో చెన్నై నుంచో పంపిన డబ్బు తీసుకోడానికి, పాస్‌బుక్ ఎక్కించుకోడానికి వస్తారు. కాబట్టి మోసం జరిగిన సంగతి పోలీసులకంటే, బ్యాంకు మేనేజర్ కంటే ముందు చాలాసార్లు నాకే తెలుస్తుంది. ఇన్నాళ్ళు చూశాక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో ఉన్నచోటే కూర్చుని 1930కి ఫోన్ చెయ్యండి. బ్యాంకు, స్టేషను, కొడుకు, అల్లుడు, అందరూ ఆ తర్వాతే.

1930 దేశమంతటికీ ఒకటే నంబరు. కేంద్ర హోంశాఖ కింద ఉన్న ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్ ఏర్పాటు ఇది. 2021లో 155260 అనే నంబరుతో మొదలై తర్వాత 1930 అయింది. అకౌంటు ఏ రాష్ట్రంలో ఉందన్న లెక్క దీనికి లేదు. బ్యాంకులు, పేమెంట్ యాప్‌లవాళ్ళు, పోలీసులు అందరూ ఒకే వ్యవస్థలో కలిసి ఉంటారు. మీరు చెప్పిన లావాదేవీ నంబరు పట్టుకుని, డబ్బు ఏ బ్యాంకులోకి చేరిందో ఆ బ్యాంకుకి కబురు వెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే ఆపేస్తారు. అక్కణ్ణుంచి దాటిపోయి ఉంటే తర్వాతి బ్యాంకుకి, అక్కడా లేకపోతే ఆ తర్వాతి దానికి. దొంగ కూడా ఊరుకోడు. వచ్చిన మొత్తాన్ని ముక్కలు చేసి నాలుగైదు అకౌంట్లకి తోసేస్తాడు, వాటిలోంచి ఎవడో ఏటీఎంలో తీసేస్తాడు. నోట్లుగా చేతికొచ్చిన డబ్బుని ఏ కంప్యూటరూ ఆపలేదు. అందుకే నిమిషాల లెక్క.

మా వీధి చివర జీడిపప్పు ప్యాకెట్లు కట్టి అమ్మే కుర్రాడొకడున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం వాడికి ఫోనొచ్చింది. మిలటరీ ఆఫీసర్ని, క్యాంటీన్‌కి పప్పు కావాలి, అడ్వాన్సు పంపుతాను అని హిందీలో మాట. వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, దీన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు నీకు వస్తుంది అన్నాడు. వీడు కొట్టాడు. 9,500 పోయింది. పొరపాటయింది, మళ్ళీ కొట్టు, రెండూ కలిపి వచ్చేస్తాయి అన్నాడు. 14,000 పోయింది. అప్పుడు ఫోను పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, పాతపట్నం బ్రాంచి మూసేస్తారేమో, బండి తియ్యనా?" అని అడుగుతున్నాడు. కూర్చోబెట్టాను. చేతులు వణుకుతూ ఉంటే ఫోను నేనే తీసుకుని, యాప్‌లో హిస్టరీ తెరిచి, రెండిటి కింద ఉన్న 12 అంకెల లావాదేవీ నంబర్లు, యూటీఆర్ అంటారు, ఒక విత్‌డ్రా ఫారం వెనకాల రాశాను. పక్కన టైము, మొత్తం, వాడి బ్యాంకు పేరు, అకౌంటు నంబరు, అవతలివాడి యూపీఐ ఐడీ. ఆ తర్వాతే 1930 నొక్కాం. ఎత్తినమ్మాయి ఒడియాలో మాట్లాడింది. ఏం జరిగిందో కథ అడగలేదు. ఆ కాగితం మీదున్నవే వరసగా అడిగింది. మొత్తం మాట టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఫోన్ పెట్టగానే మెసేజ్‌లో ఒక నంబరు వచ్చింది. ఆ నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో మిగతా వివరాలు, స్క్రీన్‌షాట్లు అదే సాయంత్రం ఎక్కించాం. బ్యాంకు టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి యూపీఐ ఆపించి, ఆ ఫిర్యాదు నంబరు కూడా అదే కాగితం మీద రాసుకున్నాం.

మొదటి 9,500 అప్పటికే వెళ్ళిపోయింది. రెండో 14,000 ఎక్కడో ఒకరి అకౌంట్లో ఆగింది. ఆగిందంటే వెంటనే చేతికొచ్చేస్తుందని కాదు. వాడికి కోర్టు ఉత్తర్వు కావాల్సొచ్చింది, దానికి టైము పట్టింది, తిరగాల్సొచ్చింది. వాడు తిరిగాడు, తెచ్చుకున్నాడు. ఆటో ఎక్కి ఉంటే అదీ వచ్చేది కాదు.

ఇక్కడే యూపీఐ సంగతి ఒకటి చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, మన బ్యాలెన్సు మనం చూసుకోడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చెయ్యక్కర్లేదు. ఎదుటివాడు మిలటరీ అయినా, కలెక్టరాఫీసు అయినా సరే.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ మా వీధి పిన్నిగారిది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. బాబాయిగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన పోయాక ఫ్యామిలీ పింఛను ఆంధ్రా వైపు బ్రాంచిలోనే పడుతోంది. నవంబరు నెల, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన టైము. ఒక శనివారం మధ్యాహ్నం ఫోను. చక్కటి తెలుగు. పిన్ని పేరు, బాబాయి పేరు, ఆయన పోయిన సంవత్సరం అన్నీ వాడే చెప్పాడు. "అమ్మా, మీరు ఈ వయసులో అంత దూరం రానక్కర్లేదు, ఇంట్లోంచే అయిపోతుంది" అన్నాడు. ఆ మాట చాలు ఎవరికైనా మనసు కరగడానికి. వాట్సాప్‌లో జీవన్ ప్రమాణ్ అని, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్టు పేరుతో, ఒక ఫైలు పంపాడు. నొక్కమంటే నొక్కింది. ఏదో అడిగితే అవును అవును అని నొక్కుకుంటూ పోయింది. "నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదమ్మా, ఒట్టు" అని ఇప్పటికీ అంటుంది. నిజమే, చెప్పలేదు. చెప్పే అవసరమే లేదు. అది ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోరుతో పని లేకుండా ఫోన్లోకి యాప్ దింపే ఫైలు. ఫోన్లోకి దిగాక మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామంటే బ్యాంకు పంపే ఓటీపీ మనం చూసేలోపే వాడికి చేరిపోతుంది. పెళ్ళి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలాన్ అనీ, పీఎం కిసాన్ అనీ పేరు మార్చుకుని తిరిగేవన్నీ ఈ జాతివే.

అసలు జీవన్ ప్రమాణ్‌కి బ్యాంకు కౌంటరుంది, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే ఏర్పాటుంది, ఫోన్లోనే ముఖం చూపించి చేసుకునే ప్రభుత్వ యాప్ ప్లేస్టోర్లో ఉంది. దీనికోసం వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపే బ్యాంకు ఏదీ ఉండదు.

పిన్నికి ఆ సాయంత్రమే తెలిసిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. బెంగళూరులో ఉన్న కొడుక్కి తెలిస్తే ఏమంటాడో అని ఆదివారమంతా నోరు కుట్టేసుకుని కూర్చుంది. సోమవారం బ్రాంచికి వెళ్ళింది. పోలీసు కంప్లైంటు తెమ్మన్నారు. అక్కడి స్టేషనులో, మీరుండేది ఒడిశాలో కదమ్మా, అక్కడ ఇవ్వండి అన్నారు. ఇక్కడికొస్తే, అకౌంటు అక్కడిది కదా అన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. బుధవారం నా కౌంటరు దగ్గర బెంచీ మీద కూలబడి, సంచిలోంచి పాస్‌బుక్ తీసి నా చేతికిచ్చింది. ఎక్కిస్తే వరసగా మూడు లైన్లు, మూడూ శనివారం తేదీవే. అప్పటికి 1930కి చేశాం కానీ ఆపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఇది మా స్టేషనుది కాదు, అక్కడికి పొండి అని తిప్పి పంపడానికి చట్టంలో చోటు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి, సంబంధించిన స్టేషనుకి వాళ్ళే పంపుకోవాలి. సరిహద్దులో బతికే మనలాంటి వాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే సెక్షన్ ఇంకోటి లేదు. ఈసారి ఎవరైనా మిమ్మల్ని అటు పొమ్మంటే, జీరో ఎఫ్ఐఆర్ కట్టండి సార్ అని మర్యాదగా అనండి. 173 అనే అంకె కాగితం మీద రాసుకుని వెళ్ళండి, నోటికి రాకపోతే చూపించొచ్చు.

బ్యాంకు దగ్గర గుర్తు పెట్టుకోవాల్సింది వేరే ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మీకు తెలియకుండా అకౌంట్లోంచి ఎలక్ట్రానిక్‌గా డబ్బు పోతే ఎవరి భారం ఎంత అని అందులో రాసి ఉంది. తప్పు బ్యాంకుదైతే మీ భారం ఏమీ లేదు. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో లోపం ఉందనుకోండి. బ్యాంకు మెసేజ్ అందాక 3 పనిదినాల్లోపు మీరు చెప్తే అప్పుడూ మీ భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ అకౌంటుకి 10,000 వరకు, జనధన్ లాంటి బేసిక్ అకౌంటుకి 5,000 వరకే మీ మీద పడుతుంది. మీరే పిన్నో పాస్‌వర్డో చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మీదే. చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. ఈ ఆఖరి మాట చాలామందికి తెలీదు. అంటే తప్పు మనదే అయినా నోరు విప్పిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. ఇంకోటి, తప్పు కస్టమర్‌దే అని నిరూపించే బాధ్యత బ్యాంకు మీదుందని కూడా ఆ సర్క్యులర్‌లోనే ఉంది. కౌంటరు అవతల కూర్చున్నాయన "మీరే ఏదో నొక్కుంటారు" అన్నంత మాత్రాన లేచి వచ్చేయకండి. రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు గానీ ఫిర్యాదు నంబరు గానీ తీసుకోండి. ఆ రసీదు లేకపోతే మీరు ఏ రోజు చెప్పారో రేపు ఎవరూ ఒప్పుకోరు.

ఇక నా సొంత పని సంగతి. వేలిముద్ర.

కౌంటర్లో డబ్బు తియ్యడానికి కావాల్సినవి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు. అంతే. ఓటీపీ లేదు, పిన్ లేదు. చదువు రానివాళ్ళకి ఇది ఎంత మేలు చేసిందో రోజూ చూస్తాను. బ్రాంచి మొహం చూడని ఆడవాళ్ళు వచ్చి సొంత చేత్తో సొంత డబ్బు తీసుకెళ్తున్నారు. కానీ అదే వేలు ఇంకొకడు వాడుకుంటే ఏ మెసేజూ అడ్డుపడదు. రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలనుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి డబ్బు లాగిన కేసులు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. దాన్ని ఆపడానికి ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ, ఆధార్‌కి కలిపిన ఫోను చేతిలో ఉంటే రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. లాక్ చేశాక మీ వేలు మీరు పెట్టినా పనిచెయ్యదు. కావాల్సిన రోజు తెరుచుకోవాలి, పనయ్యాక మళ్ళీ వేసుకోవాలి. నెలకోసారి పింఛనుకి వచ్చే మామ్మలకి ఇది కష్టమే, నాకు తెలుసు. వాళ్ళ విషయంలో ఇంట్లో పిల్లలు చెయ్యాలి. వేలిముద్రతో డబ్బే తియ్యని వాళ్ళు, ఉద్యోగస్తులు, బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళు, వీళ్ళు ఇవాళే లాక్ వేసుకోవచ్చు. జిరాక్సు షాపుల్లో, లాడ్జీల్లో ఆధార్ కాపీ ఇవ్వాల్సొస్తే ఆఖరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అదీ ఆ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది.

రబ్బరు వేలు ఒక ఎత్తు, కౌంటరు దగ్గర జరిగే మోసం ఒక ఎత్తు. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, నా పని చేసేవాళ్ళ గురించే కాబట్టి. అయినా రాస్తున్నాను. కాశీనగర్ వైపునుంచి ఒకావిడ వచ్చింది. "అమ్మీ, మా ఊర్లో కౌంటరోడు రెండుపాల్లు వేలెట్టమన్నాడు. ఎట్టినాను. సర్వర్ నేదు, రేపు రా అన్నాడు. రేపెల్తే మల్లీ నేదన్నాడు." పాస్‌బుక్ ఎక్కిస్తే వేలు పెట్టిన ప్రతిసారీ 2,000 వెళ్ళింది. సర్వర్ బాగానే ఉంది. ఆవిడ దగ్గర స్లిప్పు లేదు, ఫోన్ నంబరు అకౌంటుకి కలపలేదు కాబట్టి మెసేజ్ రాలేదు.

నిజంగానే సర్వర్ పోతుంది, మాకూ పోతుంది, కొండల్లో అయితే రోజూ పోతుంది. అలాంటప్పుడు కూడా మిషన్ ఫెయిల్ అయినట్టు స్లిప్పు ఇస్తుంది. అది చేతిలో పడ్డాకే రెండోసారి వేలు పెట్టండి. బ్యాలెన్సు చూడ్డానికీ, డబ్బు తియ్యడానికీ పెట్టేది ఒకటే వేలు. కాబట్టి పెట్టే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పించండి. అక్షరాలు రాకపోయినా అంకెలు వస్తాయి కదా. అక్కడ 2,000 అనో 10,000 అనో కనిపిస్తోందా, ఖాళీగా ఉందా చూడండి. తిప్పనని అంటే లేచి వచ్చేయండి. నా దగ్గర స్క్రీన్ ఎప్పుడూ కస్టమర్ వైపే ఉంటుంది, నేనే మెడ వంచి చూసుకుంటాను. అకౌంటుకి ఫోన్ నంబరు కలపడం నేను బతిమాలి మరీ చేయిస్తాను. కొడుకు నంబరు కాదు, ఇంట్లో ఉండే ఫోను నంబరు. సూరత్‌లో ఉన్న కొడుక్కి మెసేజ్ వెళ్తే వాడు రాత్రి షిఫ్టు దిగాక చూస్తాడు.

2026 జనవరి 1 నుంచి రిజర్వ్ బ్యాంకు మా కౌంటర్ల మీద కొత్త నియమాలు పెట్టింది. ఆపరేటర్ వివరాలు పూర్తిగా తనిఖీ చెయ్యాలి, మూడు నెలలు వరసగా లావాదేవీలు లేని ఆపరేటర్‌ని మళ్ళీ తనిఖీ చేశాకే పనికి అనుమతించాలి. మంచిది. నాకు కాగితాల పని పెరిగినా నేను దీన్ని సంతోషంగా ఒప్పుకుంటాను.

ఒడిశా వైపు ఆడవాళ్ళకి ఇప్పుడు ఇంకో గాలం తయారైంది, సుభద్ర పేరుతో. 2024 సెప్టెంబరు 17న మొదలైన పథకం. 21 నుంచి 60 ఏళ్ళ మధ్య అర్హులైన ఆడవాళ్ళకి ఏడాదికి 10,000. సగం రాఖీ పున్నమికి, సగం మహిళా దినోత్సవానికి, ఆధార్‌కి కలిసిన అకౌంట్లో నేరుగా పడుతుంది. ఆ రెండు తేదీలు అందరికీ తెలుసు, దొంగలకీ తెలుసు. నాలుగు రోజుల ముందునుంచి ఫోన్లు మొదలవుతాయి. నీ విడత ఆగింది, కేవైసీ కాలేదు, ఓటీపీ చెప్పు, ఈ లింకు నొక్కు. పైగా పంచాయతీకో మున్సిపాలిటీకో ఎక్కువ డిజిటల్ లావాదేవీలు చేసిన 100 మందికి అదనంగా 500 ఇస్తారని ఉంది కాబట్టి, నిన్నటిదాకా ఫోన్‌తో డబ్బు పంపని ఆడవాళ్ళు కూడా కొత్తగా యూపీఐ పెట్టించుకున్నారు. నేను వాళ్ళకి చెప్పేది ఒకటే. విడత పడకపోతే ఆధార్ అకౌంటుకి కలిసిందో లేదో చూడాలి, అంతే. అది అంగన్‌వాడీలోనో, బ్లాకు ఆఫీసులోనో, బ్యాంకులోనో మనిషి ఎదురుగా తేలే విషయం. ఫోన్లో తేలేది కాదు.

కాలేజీ పిల్లల గురించి భయం వేరే. "నీ అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్ళు ఇవ్వు, నెలకి ఇంత ఇస్తాం" అని స్నేహితుల ద్వారానే అడిగిస్తున్నారు. పైన చెప్పాను కదా, దొంగ డబ్బుని ముక్కలు చేసి తోసే అకౌంట్లు, అవి ఇవే. ఎవరో ముసలావిడ పింఛను ఆ పిల్లాడి పేరు మీదుగా దాటుతుంది. తర్వాత అకౌంటు స్తంభిస్తుంది, ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి పోలీసు నోటీసు వస్తుంది, రేపు ఉద్యోగానికి వెరిఫికేషన్ అన్నప్పుడు అది అడ్డం నిలబడుతుంది. తల్లిదండ్రులు కొడుకు ఫోన్లో ఏ యాప్‌లున్నాయో చూడలేకపోవచ్చు. వాడి పాస్‌బుక్ మాత్రం ఎక్కించి చూడొచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ పోర్టల్లో కనిపిస్తుంది. మీకు తెలియనిది ఉంటే అక్కడే నాది కాదని చెప్పొచ్చు.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్టు గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యడమనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27 మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. అలాగే కొరియర్ పేరుతోనో నెట్‌వర్క్ పేరుతోనో *401* అని మొదలుపెట్టి ఏదైనా నంబరు నొక్కమంటే నొక్కకండి, మీ కాల్స్ వాడికి మళ్ళుతాయి. నొక్కేసి ఉంటే ##002# కొడితే ఆ మళ్ళింపులన్నీ పోతాయి. బ్యాంకులవాళ్ళు సర్వీసు కాల్స్ చెయ్యడానికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసేలా మారాయి. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి బ్యాంకు మేనేజర్‌నంటూ ఎవరైనా మాట్లాడితే పెట్టెయ్యండి, పెట్టేసి పాస్‌బుక్ మీదున్న నంబరుకి మీరే చెయ్యండి.

ఏపీకే ఫైలు దించేసుకున్నాం అని తెలిస్తే ముందు ఆ ఫోన్లో డేటా, వైఫై ఆపేయాలి. 1930కీ, బ్యాంకుకీ వేరే ఫోన్‌తో చెయ్యాలి. ఆ ఫోన్లో ఉన్న వాట్సాప్ సంభాషణ, నంబరు, మెసేజ్‌లు ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి దాచాకే ఫోన్లో ఉన్నదంతా రీసెట్ కొట్టి తుడిపించాలి. పిన్నిగారి మనవడు కంగారులో ముందే తుడిచేశాడు. కంప్లైంటుకి జత చెయ్యడానికి పాస్‌బుక్ తప్ప ఏమీ మిగల్లేదు.

ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి నాదొక విన్నపం. మీ అమ్మ, మీ అత్త, మీ ఆవిడ డబ్బు పోగొట్టుకుని వస్తే ఆ రోజుకి తిట్టకండి. పిన్ని ఆదివారమంతా నోరు మూసుకుని కూర్చుంది దొంగకి భయపడి కాదు. కొడుక్కి భయపడి. ఆ కొడుకు చెడ్డవాడేమీ కాదు, ఫోన్లో నాతోనే ఏడ్చాడు. కానీ అంతకుముందు ఎప్పుడో రీఛార్జి తప్పు నంబరుకి కొట్టినందుకు "నీకు ఫోనెందుకమ్మా" అన్నాడట. ఆవిడకి ఆ మాటే గుర్తుంది. కౌంటరు దగ్గర కూర్చుని నేను చూసినంతలో, ఆలస్యమైన ప్రతి కేసులోనూ ఇలాంటి మాట ఒకటి ముందే పడి ఉంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2021 నవంబరు 12 నుంచి దేశమంతటికీ ఒకే పథకం, ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 14448 నంబరుకి చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. ఇక్కడా బ్రాంచి ఏ రాష్ట్రంలో ఉందన్న ప్రశ్న రాదు. పిన్నిగారి ఫిర్యాదు నేనే కూర్చుని పెట్టించాను. జవాబు కోసం చూస్తున్నాం.

ఈసారి రాఖీ పున్నమికి ముందు మా వైపు మహిళా సంఘాల మీటింగులకి వెళ్ళి ఇదంతా చెప్పాలనుకుంటున్నాను. తెలుగు, ఒడియా నాకు వచ్చు. గుమ్మా, సెరంగో వైపు కొండ ఊళ్ళలో సవర మాట్లాడే ఆడవాళ్ళకి చెప్పడానికి మాత్రం నా భాష చాలదు. వాళ్ళ అకౌంట్లలోనూ సుభద్ర పడుతోంది, వాళ్ళ దగ్గరా ఫోన్లున్నాయి. సవర బాగా వచ్చి, ఒక పూట నాతో కొండెక్కి రాగలిగిన వాళ్ళు మీకు తెలిస్తే చెప్పండి. జీపు ఖర్చులు నేను పెట్టుకుంటాను.